ఆరువందల నలభై మీటర్లు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ సర్వేయరుకి ఒకటే గర్వం, కొలవకుండా ఎవరి మాటా నమ్మలేదని. గట్టు దగ్గర అన్నదమ్ములు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నా, పెద్దమనుషులు వచ్చి చెవిలో గుసగుసలాడినా, గొలుసు వేసి లెక్క తేల్చాకే నోరు విప్పేవాడు. అలాంటి మనిషి రిటైరైన ఏడేళ్ళకి, కంప్యూటరు తెర మూల నుంచి తల ఎత్తిన ఒక బొమ్మ మాట నమ్మేశాడు. నిజానికి ఆయన్ని పడగొట్టింది బొమ్మ కాదు, దాని కింద ఉన్న అంకె.

ఆ కంప్యూటరు మేనల్లుడిది. తను కొత్తది కొనుక్కుని, పాతదాన్ని మావయ్య ఇంట్లో దింపి, తీగలన్నీ తగిలించి, ఇక ఊసుపోతుందిలే అని చెప్పి వెళ్ళిపోయాడు. భార్య పోయి నాలుగేళ్ళయిన ఇంట్లో ఊసు పోవడం అంత తేలికా? సర్వేయరు పొద్దున పేపరు చదివేవాడు. ఆ తర్వాత ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో తను ఒకప్పుడు కొలిచిన పొలాలు వెతుక్కుని, ఎవరు గట్టు జరిపారో కనిపెట్టి, వాళ్ళని పేరుపేరునా తిట్టేవాడు. వినేవాళ్ళు లేరు గనక పైకే తిట్టేవాడు.

పైకి మాట్లాడే అలవాటు ఉద్యోగంలో వచ్చింది. సర్వేలో కొలత చదివినవాడు గట్టిగా చెప్పాలి. గొలుసు అవతలి కొస పట్టుకున్నవాడు అదే అంకెని తిరిగి చెప్పాలి. రెండూ కలిస్తేనే కాగితం మీద పెట్టాలి. అది ఒంటికి పట్టేసి, ఇంట్లో కూడా ఆయన “తొమ్మిదయింది” అనేవాడు. వంటింట్లోంచి భార్య “తొమ్మిదయింది, రాసుకోండి” అనేది. ఆ వెక్కిరింతకి అప్పట్లో విసుక్కునేవాడు. ఇప్పుడు గ్యాసు కట్టేశాననీ, పెరటి తలుపు గడియ పెట్టాననీ గట్టిగా చెబుతాడు. తిరిగి చెప్పే గొంతు లేదు. చెల్లెలు ఆదివారం ఫోను చేస్తుంది గానీ, ఆ ఫోను నిండా బావగారి మోకాళ్ళ నొప్పులే ఉంటాయి.

ఒకరోజు పాత కొలతల్ని మీటర్లలోకి మార్చిపెట్టే ఉచిత ప్రోగ్రాం ఒకటి కంటబడింది. దాని అవసరం ఆయనకి గోరంత కూడా లేదు, ఆ లెక్కలన్నీ నోటికి వచ్చు. అది ఎక్కడ తప్పుతుందో పట్టుకుందామని, కేవలం పంతం కొద్దీ, దాన్ని దించుకున్నాడు. హద్దురాళ్ళు చూడకుండా ఒక్క కాగితం మీదా సంతకం పెట్టని మనిషి, నీలం బటన్ కనపడ్డప్పుడల్లా నొక్కుకుంటూ పోయాడు. పక్కన చిన్నచిన్న గళ్ళలో ముందే టిక్కులు పెట్టి ఉన్నాయి. అవేమిటో చదవలేదు.

ప్రోగ్రాం వచ్చింది. దాంతోపాటు బలగం కూడా దిగింది. పైన ఒక పట్టీ, పక్కన వాతావరణం చెప్పే సూర్యుడి బొమ్మ, తగ్గింపు ధరలు వెతికిపెట్టే సహాయకుడు, కంప్యూటరుకి జ్వరమొచ్చిందని గంటగంటకీ బెదిరించే డాక్టరు. రోజూ తెరుచుకునే పేపరు పోయి, ఎవరిదో తెలియని పేజీ ఒకటి ఎదురొచ్చేది. కొత్త కబుర్లు పంపమంటారా అని ఆ పేజీ అడిగితే సరేనని నొక్కాడు. ఇక కిటికీలు కిటికీలుగా ప్రకటనలు మొదలయ్యాయి, చెప్పులవి, మాత్రలవి, అప్పులవి. మొదట్లో చిరాకు పడ్డాడు. తర్వాత్తర్వాత, పొద్దున్నే మిషను వేయగానే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగడం ఆయనకి అంత బాధగా లేదు. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం.

ఆ గుంపులోనే ఒకనాడు ఆవిడ వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక మనిషి ఫొటో, మొహం మసకగా ఉంది. కింద ఒక వాక్యం. మీకు 640 మీటర్ల దూరంలో ఉన్న ఈమె మీతో మాట్లాడాలనుకుంటోంది.

వేరే ఎవరైనా నవ్వి మూసేసేవారు. సర్వేయరు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అబద్ధాలకోరుల్ని ఆయన జీవితమంతా చూశాడు. వాళ్ళు అర కిలోమీటరంటారు, ఒక ఎకరం ఉంటుందంటారు, ఓ వంద గజాలు అటూఇటూ అంటారు. గుండ్రంగా చెప్పినవాడు కొలవలేదని అర్థం. ఆరువందల నలభై అని చెప్పేవాడు మాత్రం ఎక్కడో గొలుసు వేసే ఉంటాడు. ఇది ఆయన వృత్తి నేర్పిన సూత్రం. ముప్పై నాలుగేళ్ళు ఆయన్ని కాపాడిన ఆ సూత్రమే ఇప్పుడు ఆయన్ని పట్టుకెళ్ళి గోతిలో దించింది.

చేత్తో గీసిన ఊరి పటం ఆయన దగ్గర ఉంది. తన ఇంటి మీద కంపాసు ముల్లు గుచ్చి, కొలత ప్రకారం ఒక గుండ్రం గీశాడు. ఆ గీత ఎక్కువ భాగం గోడౌన్ల మీదుగా, బస్సు డిపో మీదుగా, స్కూలు ఆటస్థలం మీదుగా, ఆసుపత్రి వాళ్ళు బండ్లు పెట్టుకునే స్థలం మీదుగా పోయింది. మనుషులు కాపురముండే చోటు ఒకే ఒక్క సందు. ఆయన వాకింగు మర్నాటి నుంచే ఆ సందు మీదికి మళ్ళింది.

సందులో ఇళ్ళే తక్కువ. ఒకదానికి తాళం. ఒకదాంట్లో కుర్రాళ్ళు గుంపుగా అద్దెకుంటున్నారు. ఇంకొకటి ఆకుపచ్చ గేటు ఇల్లు. గేటు లోపల కుర్చీ వేసుకుని, ఆయన ఈడు ఆవిడ ఒకరు, పేపరు ఒళ్ళో పెట్టుకుని వీధి చూస్తూ కూర్చునేది. ఈవిడే అని సర్వేయరు తేల్చుకున్నాడు. ఆ రోజు ఆగకుండా వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు మాత్రం గేటు ముందు కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

ఎవరి కోసం చూస్తున్నారని ఆవిడ అడిగింది. మీరే కదా మాట్లాడాలనుకున్నది అని ఆయన అడగాలి. ఆ మాట గొంతు దాకా వచ్చి దిగిపోయింది. చెయ్యి జేబులోకి పోయి, ఎప్పుడూ అక్కడే ఉండే టేపుకి తగిలింది.

“గోడ కొలవాలండీ” అన్నాడు.

“ఆఫీసు నుంచా?”

సర్వేయరు తలూపాడు. ఆఫీసు నుంచి వచ్చినమాట నిజమే, కాకపోతే ఏడేళ్ళ కిందట.

ఆవిడ గేటు తీసింది. టేపు కొస పట్టుకోవడానికి ఎవరైనా కావాలా అని తనే అడిగి, తనే పట్టుకుంది. ఆయన ఈ కొస దగ్గర వంగి, అలవాటు కొద్దీ గట్టిగా, “పద్నాలుగు అడుగుల మూడంగుళాలు” అన్నాడు. అవతలి కొస నుంచి స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా, “పద్నాలుగు అడుగుల మూడంగుళాలు” అని వినపడింది.

సర్వేయరు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నాలుగేళ్ళ తర్వాత తన మాట ఇంకో గొంతులో తిరిగి వచ్చింది. కళ్ళు చెమర్చాయి. గోడ సున్నం రేణువు పడిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

అలా ఎందుకు తిరిగి చెప్పారని తర్వాత అడిగాడు. ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైందట. ఎవరు అంకె చెప్పినా తిరిగి చెప్పకుండా ఉండలేదట. పెళ్ళి చేసుకోలేదు. ఆ మూడు గదుల ఇల్లు తన జీతంతో కట్టుకున్నది. గది గదికీ కిటికీ ఎటు ఉండాలో మేస్త్రీతో పోట్లాడి మరీ పెట్టించిందట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గోడ మీద చెయ్యి వేసి చెప్పింది.

ఒకసారి కొలిచిన గోడని మళ్ళీ కొలవడానికి వెళ్ళలేం. అందుకని రెండోసారి పక్కగోడ కొలిచాడు. తర్వాత మెట్లు. తర్వాత కిటికీలు, వాకిలి, వెనకవైపు ఖాళీ. ప్రపంచంలో ఏ సర్వేయరూ కిటికీ రెక్కల మందం కొలిచి ఉండడు, ఈయన కొలిచాడు. వెళ్ళినప్పుడల్లా ఆవిడ టీ ఇచ్చేది. టీతోపాటు కబుర్లు. ఊళ్ళో చావులూ పెళ్ళిళ్ళూ ఇంటివాళ్ళ కంటే ముందు తన చెవిన పడేవని, ఏడుస్తూ మాట్లాడేవాళ్ళకి మూడు నిమిషాల గడువు అయిపోయిందని చెప్పలేక లైను అలాగే ఉంచేసేదాన్నని చెప్పింది. ఈయన కుక్క తరిమితే గొలుసు వదిలేసి చెట్టెక్కిన సంగతి చెప్పాడు. ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సర్వేయరు అద్దంలో మొహం చూసుకుని, చొక్కా మార్చే వయసు దాటలేదని తీర్మానించుకుని, రెండు చొక్కాలు కొనుక్కొచ్చాడు.

తెర మీది మాట మాత్రం ఆవిడ ఎత్తలేదు. మొహమాటం కాబోలు అనుకున్నాడు. ఇల్లంతా కలియజూశాడు, కంప్యూటరు లేదు. ఫోన్లోంచి పంపి ఉంటుందనుకున్నాడు. ఆ ఫోను చూస్తే అంకెల బటన్లు తప్ప ఏమీ లేని పాతది. అయితే ఎవరి చేతనో పంపించి ఉంటుంది అనుకున్నాడు. నమ్మాలనుకున్న మనిషికి దారులు బోలెడు.

ఇంతలో ఇంట్లో మిషను మొరాయించడం మొదలుపెట్టింది. ఆ మసక ఫొటో కిటికీని ఆయన రోజుకోసారి నొక్కేవాడు, ఏదైనా కొత్త మాట ఉందేమోనని. నొక్కినప్పుడల్లా ఇంకో నాలుగు కిటికీలు పుట్టుకొచ్చేవి. చివరికి తెర నిండా ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి, అసలు కిటికీ అడుగున పడిపోయింది. మిషను కదలదు, మెదలదు. దాని పెట్టెని సంచిలో పెట్టుకుని సర్వేయరు బజారు చివర రిపేరు షాపుకి పోయాడు. మూసేయమని కాదు, ఆ ఒక్క కిటికీ పైకి తీసిపెట్టమని.

షాపు నడిపేది ఒక ముక్కుసూటి మనిషి, ముప్పై దాటిన అమ్మాయి. స్క్రూడ్రైవరు చెవి సందున పెట్టుకుని, వచ్చిన ప్రతివాణ్ణీ ముందు కాస్త మందలించి ఆ తర్వాత పని మొదలుపెడుతుంది. ఈయన్ని బాబాయ్ గారూ అంది. పెట్టెలో దుమ్ము ఊదింది, తన తెరకి తగిలించింది, ఇంటర్నెట్టు తీగ పీకేసింది. బయటి నుంచి ఇంకా వచ్చి పడకుండా ముందు తలుపు మూయాలంది. తర్వాత మిషన్లో ఉన్న ప్రోగ్రాములన్నీ తేదీల వరసన పేర్చి, ఒక్కొక్కటీ పేరు చదువుతూ, ఇది మీరు పెట్టుకున్నారా, ఇది మీరు పెట్టుకున్నారా అని అడగడం మొదలుపెట్టింది. అడక్కుండా ఒక్కటీ తీయదు, అది ఆమె పద్ధతి.

కొలతల ప్రోగ్రాం తనదేనన్నాడు. పట్టీ తనది కాదు. డాక్టరు తనది కాదు. తగ్గింపు సహాయకుడు ఎవరో అసలు తెలియదు. అన్నీ ఒకే రోజున, ఒకే నిమిషంలో వచ్చినవి.

“ఇవి తలుపు బద్దలుకొట్టుకుని రావు బాబాయ్ గారూ. మీరే తీస్తారు. పనికొచ్చేదేదో ముందు నిలబడుతుంది, దాని వెనకాల ఇంకెవరొచ్చారో మీకు చెప్పదు, అంతే.”

ఆమె చేతులు ఆగలేదు. ఒకదాని తర్వాత ఒకటి తీసేసింది. బ్రౌజరుకి తగులుకున్నవి విడిగా ఉంటాయని చెప్పి, వాటినీ పీకింది. మొదటి పేజీ మళ్ళీ పేపరుకి మార్చింది. కబుర్లు పంపమని ఆయన ఎవరెవరికి అనుమతి ఇచ్చాడో ఆ జాబితా తెరిచి, ఒక్కో పేరుకీ అడ్డం కొట్టింది. ఆ తర్వాత శుభ్రం చేసే ప్రోగ్రాం ఒకటి నడిపి, అది వెతుకుతుండగా ఆయనకి క్లాసు పీకింది. ఉచితంగా వచ్చేదైనా తయారుచేసినవాళ్ళ చోటు నుంచే దించుకోవాలి. త్వరగా కానిచ్చే బటన్ కాకుండా విడమరిచి చూపించే బటన్ నొక్కాలి. ముందే పెట్టి ఉన్న టిక్కులు చదివి తీసేయాలి. మిషనుకి జబ్బు చేసిందని అరిచే కిటికీని ఎప్పుడూ నమ్మకూడదు.

సర్వేయరు సగం విన్నాడు. వాటితోపాటు ఆ ఫొటో కిటికీ కూడా పోతుందా అని అడిగాడు. ఏ ఫొటో అని ఆమె అడిగింది. చెప్పక తప్పలేదు. ఆరువందల నలభై అన్న అంకెతో సహా చెప్పాడు. అంత కచ్చితంగా దూరం తెలిసిందంటే ఎవరో కొలిచే ఉంటారు కదమ్మా అన్నాడు.

షాపమ్మాయి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. నవ్వలేదు. మూలన ఉన్న పాత మిషను వేసింది. జబ్బులు పరీక్షించడానికి విడిగా ఉంచుకున్న మిషను అది. ఏదో పేజీ తెరిచింది. కిటికీ పక్కన అదే మనిషి, అదే మసక. కింద 290 మీటర్లు. ఒక బటన్ నొక్కింది. అదే మనిషి, 1,150. మళ్ళీ నొక్కింది. 430.

“ఊళ్ళో అందరికీ ఈవిడే బాబాయ్ గారూ. అరకిలోమీటరు అంటే నమ్మరని వాళ్ళకి తెలుసు, అందుకే అలా విరిచి చెబుతారు.”

సర్వేయరుకి తల కొట్టేసినట్టయింది. మోసపోయినందుకు కాదు, ఏ సూత్రాన్ని నమ్మి బతికాడో అదే సూత్రం తెలిసినవాడెవడో తనకి ఉచ్చు పన్నినందుకు. డబ్బులిచ్చి, పెట్టెని సంచిలో పెట్టుకుని, ఆమె ఇంకా ఏదో జాగ్రత్త చెబుతుండగానే బయటికి వచ్చేశాడు.

దారి పొడుగునా తనని తాను సముదాయించుకున్నాడు. ఫొటో అబద్ధం, సరే. అంకె అబద్ధం, సరే. ఆకుపచ్చ గేటు అబద్ధం కాదు కదా. టీ అబద్ధం కాదు, నవ్వు అబద్ధం కాదు. ఎక్కడి నుంచి మొదలైతేనేం, ఇప్పుడు తనకి మాట్లాడ్డానికి ఒక మనిషి ఉంది. ఆవిడకి ఏమీ చెప్పక్కర్లేదు. కొలవడానికి ఇంకా వంటగది గట్టు ఉంది, పైకప్పు ఎత్తు ఉంది. ఇల్లు చేరేసరికి ఆయన మనసు కుదుటపడింది, మర్నాడే వెళ్ళాలని కూడా అనుకున్నాడు. వెనకాల ఎవరొచ్చారో చెప్పదని షాపమ్మాయి అన్న మాట రెండుసార్లు గుర్తొచ్చింది గానీ పట్టించుకోలేదు.

మర్నాడు కొత్త చొక్కా వేసుకుని వెళ్ళేసరికి గేటు బార్లా తీసి ఉంది. ముందు గదిలో అట్టపెట్టెలు, తాళ్ళు, చుట్టిన పరుపు. గోడ మీద క్యాలెండరు ఉన్న చోట తెల్లటి చతురస్రం. ఆవిడ నేల మీద కూర్చుని గిన్నెలు కాగితాల్లో చుడుతోంది. ఈయన్ని చూసి లేవబోయింది. ఏమిటిదంతా అని అడిగాడు.

ఆదివారం తమ్ముడు వ్యాను తెస్తాడట. వాళ్ళింట్లో వెనక గది ఇస్తారట, పిల్లల సైకిళ్ళు తీసేస్తే మంచం పడుతుందట. మరదలు చెడ్డదేం కాదట. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి సామాను బయట పడేసేదాకా ఆగడం దేనికని తమ్ముడన్నాడట. ముందు గోడ కొలిచి, పక్క గోడ కొలిచి, ఆఖరికి కిటికీలు కూడా కొలిచారంటే ఇల్లు మొత్తం పోయేదేనని అతని లెక్కట.

సర్వేయరు తనని ఒక్కమాట అడగలేదేం అన్నాడు.

“అడిగితే అవునంటారని భయం” అంది ఆవిడ. “అందుకే అడగలేదు. టీ ఇస్తే, కాస్త మంచిగా మాట్లాడితే, రెండడుగులైనా వదిలేస్తారేమో అనుకున్నాను. మీరు నవ్వించినప్పుడు నవ్వాను కూడా.”

ఆ చివరి మాట దగ్గర ఆయన గోడకి ఆనుకున్నాడు. టీ ఆ లెక్కలోదన్నమాట. నవ్వు ఆ లెక్కలోదన్నమాట. ఇన్నాళ్ళూ తను పండగలా అనుకున్న ప్రతి సాయంత్రం, వెళ్ళాక ఆవిడ గోడలు చూసుకుంటూ నిద్ర లేకుండా పడుకుంది. ఇప్పుడైనా నోరు మూసుకుని వెళ్ళిపోవచ్చు. రోడ్డు పని ఆగిపోయిందని, ఆఫీసు మనసు మార్చుకుందని ఇంకో అబద్ధం చెబితే ఆవిడ సంతోషిస్తుంది, కృతజ్ఞతగా టీ కూడా పెడుతుంది, కబుర్లు సాగుతాయి. ఆ దారి ఆయనకి చాలా స్పష్టంగా కనపడింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఈసారి గేటు తీసిన మనిషికి, తన టేపు వెనకాల అసలెవరున్నారో చెప్పకుండా ఇంకో అడుగు లోపలికి వేయడం ఆయన వల్ల కాలేదు.

నేల మీద ఆవిడకి ఎదురుగా చతికిలబడి మొత్తం చెప్పాడు. తను ఏ ఆఫీసు మనిషీ కాదని, రిటైరై ఏడేళ్ళయిందని, ఏ రోడ్డూ రావడం లేదని. తెర మీద ఫొటో వచ్చిందని, దాని కింద అంకె ఉందని, కంపాసుతో గుండ్రం గీశానని. చెబుతుంటే తనకే వినడానికి వెర్రిగా ఉంది. ఆవిడ నవ్వుతుందేమోనని మధ్యలో ఒకసారి చూశాడు. నవ్వలేదు.

“అంటే రోడ్డు రావడం లేదు.”

“లేదండీ.”

“ఇల్లు ఉంటుంది.”

“ఉంటుంది.”

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. ఆ చేతులతోనే మొహం కప్పుకుంది. ఏడుస్తోందో, ఊపిరి తీసుకుంటోందో సర్వేయరుకి తెలియలేదు. చెయ్యి తీసేసరికి మాత్రం ఆ మొహంలో అరికాలి మంట నెత్తికెక్కిన కోపం ఉంది.

“కట్టినవన్నీ విప్పి, ఎక్కడివక్కడ పెట్టి వెళ్ళండి” అంది.

ఆయన లేచాడు. తాళ్ళు విప్పాడు. గిన్నెల మీది కాగితాలు తీసి, ఆవిడ వేలు చూపించిన అరలో పెట్టాడు. పరుపు మోసుకెళ్ళి మంచం మీద పరిచాడు. బీరువా ఇద్దరూ కలిసి తోశారు, చెరోవైపు. అంతసేపట్లో ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి అలవాటు కొద్దీ ఆయన, “ఇంకో రెండంగుళాలు” అన్నాడు. అవతలివైపు నుంచి ఏమీ వినపడలేదు, బీరువా మాత్రం రెండంగుళాలు జరిగింది. ఒకే గదిలో ఇంకో మనిషి ఊపిరి వినపడేంత దగ్గరగా ఉండి కూడా ఆయనకి తన ఖాళీ ఇంట్లో ఎప్పుడూ లేనంత ఒంటరితనం అనిపించింది.

పని అయ్యాక ఆవిడ తమ్ముడికి ఫోను చేసి, ఆదివారం వ్యాను అక్కర్లేదని చెప్పింది. ఎందుకని అతను అడిగినట్టున్నాడు. పొరపాటు పడ్డానని, తప్పు తనదేనని చెప్పింది. సర్వేయరు పేరు ఎత్తలేదు. ఆ దయ ఆయనకి తిట్టు కంటే ఎక్కువ బాధ కలిగించింది. చెప్పులేసుకుని గుమ్మం దిగాడు. క్షమించమని అడగాలనుకున్నాడు, అడక్కుండానే నడిచాడు. ఆవిడ గేటు దాకా వెంట వచ్చింది. సాగనంపడానికి కాదు, గడియ పెట్టుకోవడానికి.

“నేను మాట్లాడిందంతా ఇంటి కోసమేనని అనుకోకండి” అంది. “కొంత ఇంటి కోసం, కొంత నా కోసం. ఏది ఎంతో నేనే చెప్పలేను ఇప్పుడు, అంతా కలిసిపోయింది.”

సర్వేయరు గేటు దాటి బయట నిలబడ్డాడు.

“మాట్లాడ్డానికి మనిషి కావాలని మొదటిరోజే చెప్పి ఉంటే, ఇంకో కుర్చీ వేసేదాన్ని. రోజూ గేటు దగ్గర దేనికి కూర్చుంటాననుకున్నారు? ఇప్పుడు మీరు వచ్చి గేటు కొడితే, దేనికొచ్చారో అని నేను భయపడాలి. రాకండి.”

గడియ పడింది. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. సర్వేయరు సందు దాటి, డిపో గోడ పక్కగా పెద్దరోడ్డు మీదికి వచ్చాడు. ఆ తెర ఎవరి గురించి చెప్పిందో తెలియదు గానీ, ఆ ఇంట్లో నిజంగానే మాట్లాడాలనుకునే మనిషి ఒకరు కూర్చుని ఉన్నారు. ఉన్నారని తెలియకముందే ఆయన ఆ మనిషిని పోగొట్టుకున్నాడు. అరవై ఏడేళ్ళ మనిషికి నడిరోడ్డు మీద ఏడుపొచ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూస్తున్నా ఆయన ఆపుకోలేదు, ఏడుస్తూనే ఇంటివైపు నడిచాడు.